నాలుగు డిస్కుల నాస్ పెట్టె: ఫైళ్ళకు భేషుగ్గా ఉంది, మెయిల్ మాత్రం దాని మీద పెట్టకండి

గుంటూరులో చిన్న, మధ్య తరహా ఆఫీసుల కంప్యూటర్ల బాగోగులు చూడటం నా వృత్తి. లక్ష్మీపురంలో ఒక మిర్చి ఎగుమతి సంస్థ కొన్న నాలుగు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించి ఆఫీసంతా పంచుకునే నిల్వ) గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే పెట్టెలన్నీ ఇంచుమించు ఇలాగే నడుస్తాయి. పేరు రాస్తే చదివినవాళ్ళు ఆ ఒక్క కంపెనీని తప్పించుకుని, పక్క కంపెనీ దగ్గర ఇదే ఇబ్బందిని కొనుక్కుంటారు. మార్కులు ముందే చెప్పేస్తాను. ఫైళ్ళకు, బ్యాకప్‌కు ఐదుకు నాలుగున్నర. నడుస్తున్న మెయిల్ సర్వర్‌కు నిల్వగా ఐదుకు ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఒక్క మెయిలు కూడా పోగొట్టలేదన్న గౌరవం కొద్దీ వేసింది.

పెట్టె వివరాలు ఇవి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే 4 టీబీ డిస్కులు నాలుగు, వాటిని రెయిడ్-5గా (ఒక డిస్కు పాడైనా డేటా పోని పద్ధతిలో) కలిపితే వాడకానికి మిగిలేది 12 టీబీ. గిగాబిట్ పోర్టులు రెండు. డిస్కులతో కలిపి బిల్లు లక్ష దాటింది. రాత్రిపూట ఖాళీ ఆఫీసులో తప్ప చప్పుడు వినిపించదు. వేడి కూడా నేను భయపడినంత లేదు, అయితే దానికి కారణం ఏసీ గది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో పెడితే ఏమవుతుందో పరీక్షించే ధైర్యం నాకు లేదు. ఇంకొకటి, గుంటూరు వాళ్ళకే అర్థమయ్యే సంగతి: శాంపిల్ కాయల సంచులు విప్పే గదికి పక్కనే ఈ పెట్టె ఉంది. వెనక ఫ్యాను జాలీకి ఎర్రటి సన్నని పొడి పడుతుంది. శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోకపోతే ఆ తర్వాత పని చేయలేరు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో మామూలు దుమ్ము గురించే రాశారు.

మంచి చెప్పాల్సి వస్తే చాలా ఉంది. ఇన్‌వాయిస్‌లు, కంటైనర్ ఫొటోలు, ల్యాబ్ రిపోర్టుల పీడీఎఫ్‌లు అన్నీ ఒకచోట చేరాయి. పెద్ద ఫైలు కాపీ చేస్తే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. గిగాబిట్ తీగ లెక్క ప్రకారం మోయగలిగేదే 125 ఎంబీ కాబట్టి, ఇంతకంటే ఎక్కువ అడగడం అత్యాశ. స్నాప్‌షాట్ సదుపాయం, అంటే ఒక్కో సమయానికి ఫైళ్ళు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకునే ఏర్పాటు, అద్భుతం. అకౌంట్స్ విభాగంలో ఎవరో ఒక కొనుగోలుదారు ఫోల్డరు మొత్తం తుడిచేస్తే, గంట ముందటి స్నాప్‌షాట్ నుంచి కాఫీ చల్లారేలోపు వెనక్కి తెచ్చాను. యూపీఎస్‌కు యూఎస్‌బీ తీగతో కలిపితే, కరెంటు పోయి బ్యాటరీ తగ్గుతున్నప్పుడు పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. వేసవి కోతలు తెలిసిన ఊళ్ళో ఈ ఒక్క గుణానికే సగం డబ్బు ఇవ్వవచ్చు.

గొడవంతా మెయిల్ దగ్గర వచ్చింది. ఈ సంస్థకు సొంత మెయిల్ సర్వర్ ఉంది. గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో తలకింత అని నెలనెలా కట్టి ఊరుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. ఏళ్ళ తరబడి పేరుకున్న ఉత్తరాలు తమ కప్పు కిందే ఉండాలని షావుకారు గారి పట్టుదల. సరే, ఆయన డబ్బు. లైనక్స్ యంత్రం మీద పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము మెయిల్ అందుకుని పంపుతుంది, డవ్‌కాట్ అనే ఇంకొకటి దాన్ని అవుట్‌లుక్‌కూ ఫోన్లకూ అందిస్తుంది. ఆ యంత్రంలో డిస్కు నిండుతున్న సమయంలోనే నాస్ అమ్మిన దుకాణం వాళ్ళు, మెయిల్ కూడా ఇందులోనే పెట్టేయండి, పన్నెండు టీబీ ఉంది కదా అన్నారు. ఎన్ఎఫ్ఎస్ అనే, నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి ద్వారా నాస్‌లోని ఫోల్డరును మెయిల్ సర్వర్‌కు తగిలించి, మెయిళ్ళన్నీ అక్కడికి మార్చేసి వెళ్ళారు. నన్ను పిలిచింది ఆ తర్వాత.

సంక్రాంతి దాకా ఎవరూ ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో మిర్చి యార్డుకు సరుకు రావడం ఊపందుకుంది. చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక కొనుగోలుదారుల ఉత్తరాలు, షిప్పింగ్ వాళ్ళ ఉత్తరాలు, అఫ్లటాక్సిన్ (బూజు విషం) పరీక్షల రిపోర్టులు, తేజ, 334 అనే మిర్చి రకాల శాంపిల్ ఫొటోలు ఒక్కసారిగా మీద పడ్డాయి. సుమారు నలభై మంది ఉద్యోగులు, ఒక్కొక్కరికి ఒక కంప్యూటరు, ఒక ఫోను. ఉదయం పది దాటితే ఇన్‌బాక్స్ తెరుచుకోదు. వెతుకులాట మొదలుపెడితే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. పెద్ద గుమస్తా గారు నన్ను చూసి, "ఈ ఉత్తరం తెరుచుకునేలోపు యార్డుకు వెళ్ళి ధర కనుక్కుని రావచ్చండీ" అన్నారు. ఆయన అతిశయోక్తులు వాడే మనిషి కాదు.

అందరూ ముందు ఇంటర్నెట్ లైనును తిట్టారు. ఎక్కువ వేగం ప్లాను కూడా తీసుకున్నారు. మెయిల్ నిదానిస్తే లైనును అనుమానించడం మన ఆఫీసుల్లో ఆచారం. కానీ ఆఫీసు లోపలి కంప్యూటరు నుంచి ఆఫీసు లోపలి సర్వర్‌లోని ఉత్తరం తెరవడానికి ఇంటర్నెట్‌తో పనేముంది?

పోస్ట్‌ఫిక్స్ తన లాగ్ ఫైలులో (పనుల చిట్టాలో) ప్రతి మెయిల్ వరుసలోనూ ఆలస్యాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టి రాస్తుంది. క్యూ నిర్వాహకుడి చేతికి రాకముందు గడిచిన కాలం మొదటిది, క్యూలో గడిచినది రెండోది. అవతలి వైపుతో సంబంధం కలుపుకోవడానికి పట్టినది మూడోది, అసలు ఉత్తరం అప్పగించడానికి పట్టినది నాలుగోది. ఈ నాలుగు అంకెలు చదవడం వస్తే సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఇక్కడ మొదటి మూడూ చిన్నవే. నాలుగోది మాత్రం, అదీ లోపలి డవ్‌కాట్‌కు అప్పగించే మెయిళ్ళలో మాత్రమే, సెకన్ల కొద్దీ ఉంది. బయటికి పోయే మెయిళ్ళు చకచకా పోతున్నాయి. అంటే రాసే చోటే తంటా.

తర్వాత యంత్రం లోడు చూశాను. పదీ పన్నెండు చూపిస్తోంది, ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీ. లైనక్స్‌లో డిస్కు జవాబు కోసం కదలకుండా ఎదురుచూసే ప్రాసెస్‌లను కూడా లోడులో లెక్కిస్తారు. జాబితా తీస్తే డవ్‌కాట్ ప్రాసెస్‌లు వరుసగా 'డి' స్థితిలో, అంటే ఆ ఎదురుచూపులోనే, నిలబడి ఉన్నాయి. అప్పుడు ఎన్ఎఫ్ఎస్ పనితీరు కొలిచే ఎన్ఎఫ్ఎస్ఐఓస్టాట్ నడిపించాను. అది ప్రతి పనికీ రెండు కాలాలు చెబుతుంది: నాస్‌కు అడిగి జవాబు వచ్చేదాకా పట్టిన సమయం, మన వైపు వరుసలో నిలబడిన సమయంతో కలిపి మొత్తం. ఉదయం ఎనిమిదికి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఉన్న జవాబు, పదకొండుకు వంద దాటుతోంది. ఆ సమయంలో తీగ మీద ప్రవాహం ఎంతో తెలుసా? సెకనుకు రెండు మూడు ఎంబీ. 110 ఎంబీ మోసే దారి ఖాళీగా ఉంది, పని మాత్రం ఆగిపోయింది. పెట్టె మీద ముద్రించిన వేగానికీ మెయిల్ వేగానికీ ఏ సంబంధమూ లేదని చెప్పడానికి నాకు దీనికంటే మంచి రుజువు దొరకలేదు.

కారణం మెయిల్ దాచే పద్ధతిలో ఉంది. ఇక్కడ వాడేది మెయిల్‌డిర్. 1990ల మధ్యలో డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ కోసం రూపొందించిన పద్ధతి. ఒక ఉత్తరానికి ఒక ఫైలు. ముందు 'టెంప్' ఫోల్డరులో రాసి, పూర్తయ్యాక 'న్యూ'లోకి మార్చి, చూశాక 'కర్' అనే దాంట్లోకి తోస్తారు. తాళాలు అక్కర్లేదు, ఎన్ఎఫ్ఎస్ మీద కూడా ఉత్తరం సగంలో చెడిపోదు. ఆ భద్రత నిజమే, నేను ఒప్పుకుంటాను. కానీ మీరు ఉత్తరం చదివిన ప్రతిసారీ, చదివిన గుర్తు ఫైలు పేరు చివరే ఉంటుంది కాబట్టి, ఆ ఫైలు పేరు మారుతుంది. పేరు మార్చమని అడిగితే, ఆ మార్పు డిస్కు మీద స్థిరపడేదాకా నాస్ జవాబు చెప్పకూడదని ఎన్ఎఫ్ఎస్ నియమం. దీనికి తోడు డవ్‌కాట్ తన ఇండెక్స్ ఫైళ్ళను (ఉత్తరాల జాబితా రాసుకునేవి) కూడా అదే ఫోల్డరులో ఉంచి, నిమిషనిమిషం చదువుతూ రాస్తూ ఉంటుంది. యార్డులో లారీ సరుకంతటికీ గేటు దగ్గర ఒకే రసీదు రాస్తే అరగంటలో లోపలికి పోతుంది. ప్రతి టిక్కీకీ (మిర్చి బస్తాకూ) విడిగా రసీదు రాసి, ప్రతి రసీదుకూ సంతకం కోసం పై అంతస్తుకు వెళ్ళి వస్తే ఎలా ఉంటుందో, మెయిల్‌డిర్ మీద ఎన్ఎఫ్ఎస్ అలా ఉంటుంది. దారి వెడల్పు చేస్తే ఏం లాభం?

పై అంతస్తులో సంతకం పెట్టేవాడి వేగం కూడా చూద్దాం. 7200 చుట్ల డిస్కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావాల్సిన చోటు కిందికి రావడానికి సగటున అందులో సగం, తల అక్కడికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. కలిపి చూస్తే చెల్లాచెదురు పనులు సెకనుకు 80 దాకా చేయగలదు. నాలుగు డిస్కులు కాబట్టి 320 అనుకోకండి. రెయిడ్-5లో ఒక చిన్న రాతకు పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి లెక్కగట్టే అంకెలు) చదవాలి, కొత్తవి రెండూ రాయాలి. ఒక పనికి నాలుగు పనులు. 320ని నాలుగుతో భాగించండి, మళ్ళీ 80 దగ్గరికే వచ్చాం. నాలుగు డిస్కుల డబ్బు పెట్టి, చిన్న రాతల విషయంలో ఒక్క డిస్కు బలం కొన్నట్టు. క్యాషే (డేటాను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) కొంత ఆదుకుంటుంది కానీ ఉదయం పదకొండు గంటల రద్దీలో కాదు. డిస్కులను జంటలుగా అద్దంలా నడిపే రెయిడ్-10 చేసి ఉంటే రాతలు రెట్టింపు అయ్యేవి, స్థలం 8 టీబీకి తగ్గేది. ఫైళ్ళకు రెయిడ్-5 సరైన ఎంపికే, ఎవరినీ తప్పుపట్టను.

తప్పుపట్టాల్సింది ఆ తర్వాత జరిగినదాన్ని. ఫిర్యాదు చేస్తే దుకాణం వాళ్ళు విజయవాడ నుంచి ఒక టెక్నీషియన్‌ను పంపారు. మర్యాదస్తుడు, పని కూడా తెలిసినవాడే. నాస్ సెట్టింగుల్లో ఎన్ఎఫ్ఎస్ కింద 'అసింక్రనస్' అన్న గడిలో టిక్కు పెట్టాడు. మెయిల్ పరుగెత్తింది. ఆఫీసంతా అతనికి జ్యూస్ తెప్పించి ఇచ్చారు. ఆ టిక్కు చేసేది ఏమిటంటే, డిస్కు మీద రాయకముందే రాసేశానని నాస్ మెయిల్ సర్వర్‌కు చెబుతుంది. మెయిల్ సర్వర్ ఆ మాట నమ్మి, తన క్యూలో ఉన్న కాపీని తీసేస్తుంది; పంపినవాళ్ళకు ఉత్తరం అందిందని అప్పటికే జవాబు ఇచ్చి ఉంటుంది. ఈలోగా పెట్టె హఠాత్తుగా ఆగితే ఆ ఉత్తరం ఎక్కడా ఉండదు, పోయిందని ఎవరికీ తెలియదు కూడా. యూపీఎస్ ఉంది కదా అన్నాడు. యూపీఎస్ కరెంటు కోతను ఆపుతుంది. పెట్టె హ్యాంగ్ అయితే, తీగ ఎవరి కాలికైనా తగిలి ఊడితే ఏం ఆపుతుంది? ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కాగితాల గడువు ఉత్తరాల మీద నడిచే వ్యాపారం ఇది. అతను మెట్లు దిగేలోపు టిక్కు తీసేశాను. షావుకారు గారికి కోపం వచ్చింది, వివరించాక తగ్గింది.

ఉన్న సరంజామాతోనే ఎంత బాగుపడుతుందో చూద్దామని కొన్ని మార్పులు చేశాను. వాటిలో ఎక్కువ ఫలితమిచ్చింది డవ్‌కాట్ ఇండెక్స్‌లను నాస్ నుంచి తీసి, మెయిల్ సర్వర్‌లోనే ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చడం. మెయిల్‌డిర్‌లో ఇండెక్స్ పోయినా మళ్ళీ కట్టుకోవచ్చు కాబట్టి భయం లేదు. ఇన్‌బాక్స్ జాబితా ఆ పూటే చురుకైంది. ఎప్పుడు చదివారో రాసుకునే 'ఏటైమ్' నమోదును ఆపాను. దీన్ని చాలామంది మెయిల్ సర్వర్ వైపు మౌంటులో (నాస్ ఫోల్డరును తగిలించే సెట్టింగులో) 'నోఏటైమ్' అని రాసి ఊరుకుంటారు, ఎన్ఎఫ్ఎస్ మౌంటులో ఆ మాటకు ప్రభావం ఉండదు. నాస్ వైపు వాల్యూములోనే ఆపాలి.

ఇంకో రెండు సంగతులు నాస్‌కు సంబంధం లేనివి, అయినా దాని నెత్తిన భారం వేస్తున్నవి. సర్వర్‌లో డీఎన్ఎస్ (ఇంటర్నెట్ పేర్లకు అడ్రసులు వెతికే సేవ) కోసం గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టి ఉంది. అలాంటి పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా అడిగితే చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళను పట్టిచ్చే స్పామ్‌హౌస్ జాబితా పనికొచ్చే జవాబు ఇవ్వదు, అది వాళ్ళ విధానం. దాంతో వడపోత పేరుకు మాత్రమే ఉండి, చెత్త ఉత్తరాలన్నీ వచ్చి డిస్కు మీద పడుతున్నాయి. సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే రిజాల్వర్ పెట్టి సొంతంగా అడిగేలా చేస్తే ఆ వరద తగ్గింది. రెండోది మెమరీ. వైరస్‌లు వెతికే క్లామ్ఏవీ తన సంతకాల జాబితాకే ఒక జీబీ పైగా మెమరీ తింటుంది; కొత్త జాబితా వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ కలిపి కాసేపు రెట్టింపు. నాలుగు జీబీల యంత్రంలో ఇక ఫైళ్ళ క్యాషేకు మిగిలేదేమిటి? పదహారుకు పెంచాం.

వీటితో తిట్లు సగానికి పైగా తగ్గాయి. అయినా వెతుకులాటలు, పాత ఫోల్డర్లు తెరవడం ఇంకా బరువుగానే ఉన్నాయి. ఎన్ఎఫ్ఎస్ వదిలి అదే పెట్టెను ఐస్కజీ ద్వారా వాడి చూశాను. ఇందులో నాస్ ఒక ఖాళీ డిస్కులా కనిపిస్తుంది, ఫైల్ సిస్టమ్‌ను మెయిల్ సర్వరే దాని మీద కట్టుకుంటుంది. పేరు వెతకడం, హక్కులు చూడటం వంటి చిల్లర ప్రశ్నలకు ప్రతిసారీ తీగ దాటి వెళ్ళక్కర్లేదు, చాలావరకు సర్వర్ మెమరీలోనే తేలిపోతాయి. తేడా స్పష్టంగా తెలిసింది. ఇబ్బందులూ ఉన్నాయి: ఒకేసారి రెండు సర్వర్లకు తగిలిస్తే మామూలు ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది, స్నాప్‌షాట్ నుంచి ఒక్క ఉత్తరాన్ని నేరుగా లాగడం కుదరదు, స్నాప్‌షాట్‌ను ఇంకో డిస్కుగా తగిలించి వెతకాలి, లేదా మొత్తం డిస్కునే వెనక్కి తిప్పాలి. కింద ఉన్నవి అవే 80 పనుల డిస్కులు కదా, కరెక్టుగా స్థిరపరచమని అడిగిన ప్రతి రాతకూ అదే నిరీక్షణ. విండోస్ ఫైళ్ళు పంచుకునే పద్ధతి ఎస్ఎంబీతో పెడదామా అని ఎవరో అడిగారు. మెయిల్‌డిర్ ఫైలు పేర్లలో కోలన్ ఉంటుంది, విండోస్ పద్ధతికి అది పడదు. ఆ చర్చ అక్కడే ముగిసింది.

చివరకు చేసింది అతి సాదా పని. మెయిల్ సర్వర్‌లోనే రెండు ఎస్‌ఎస్‌డీలు అద్దం పద్ధతిలో, అంటే రెయిడ్-1గా పెట్టాం. కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్నది రాసి ముగించడానికి లోపల కెపాసిటర్లు ఉన్న రకం తీసుకోమని పట్టుబట్టాను. ధర ఎక్కువే, కానీ మెయిల్ సర్వర్ చేసే ప్రతి స్థిరమైన రాతా ఆ రకంలో చాలా త్వరగా ముగుస్తుంది. చెల్లాచెదురు పనులు సెకనుకు పదుల్లో ఉన్నచోట వేలల్లోకి వచ్చాయి. మెయిళ్ళను ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో పని నడుస్తుండగానే ముందొకసారి కాపీ చేసి, ఆదివారం డవ్‌కాట్‌ను, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మిగిలిన తేడా మాత్రం తెచ్చాను. సోమవారం ఎవరూ ఏమీ అనలేదు. నా వృత్తిలో మెచ్చుకోలు అంటే అదే.

నాస్ ఇప్పుడు రోజూ రాత్రి ఆ మెయిళ్ళ కాపీని అందుకుని స్నాప్‌షాట్లు తీస్తుంది. ఆ పనిలో దానికి పోటీ లేదు. ఎస్‌ఎస్‌డీ నిండే రోజు వస్తే ఏళ్ళనాటి ఉత్తరాలను డవ్‌కాట్ సొంత డీబాక్స్ పద్ధతికి మార్చి, పాతవాటిని మాత్రం నాస్ మీదికి పంపే ఏర్పాటు ఉంది. దానికి తొందర లేదు. డీబాక్స్‌లో చదివిన గుర్తులు ఇండెక్స్‌లోనే ఉంటాయి, అది పోతే గోవిందా. మెయిల్‌డిర్‌లా మళ్ళీ కట్టుకునే అవకాశం ఉండదు కాబట్టి బ్యాకప్ క్రమం కుదురుకున్నాకే ఆలోచిస్తాను.

దుకాణం గురించి నాలుగు మాటలు. అమ్మకానికి ముందు ఎన్ని టీబీలు కావాలని అడిగారు, దాని మీద ఏం పెడతారని అడగలేదు. అమ్మిన తర్వాత ఫోను ఎత్తారు, మనిషిని పంపారు, డబ్బు అడగలేదు. ఊళ్ళో ఇది తక్కువేమీ కాదు. ఫ్యాను ఒకటి గీపెడితే పెద్దగా సతాయించకుండా వారంటీలో మార్చారు. మీరు కొనేటట్లయితే డిస్కుల మోడల్ సంఖ్య ముందే అడిగి, ట్రాకులు ఒకదాని మీద ఒకటి కప్పి రాసే ఎస్ఎంఆర్ రకం కాదని చూసుకోండి. రెయిడ్‌లో ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు ఆ రకం తిరిగి నిండడానికి విసుగెత్తిస్తుంది. పెట్టె వారంటీ వేరు, డిస్కుల వారంటీ వేరు. ప్రతి డిస్కు సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించుకోండి. ఇక్కడ మొదట రాయలేదు, అడిగాక స్టాంపు వేసి రాసిచ్చారు.